విరిగిన షాఫ్టుల లెక్కతో మొదలైన లేతు షాపు: రాయగడ కేసు

షాపు కొలత ఇరవై అడుగులకు ముప్పై. లోపల సెకండ్ హ్యాండ్ ఆరడుగుల లేతు (ఇనుప కడ్డీని తిప్పుతూ కోసే మెషీను) ఒకటి, పద్దెనిమిది అంగుళాల షేపర్ (టూలు ముందుకూ వెనక్కూ జరుగుతూ కోసే మెషీను) ఒకటి, పిల్లర్ డ్రిల్లు, బెంచి గ్రైండరు, ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను ఉన్నాయి. భాగస్వాములు ఇద్దరు. ఒకాయన టర్నరు, అంటే లేతు నడిపేవాడు; రెండో ఆయన వెల్డరు కమ్ ఫిట్టరు. కింద ఒక హెల్పరు. ఊరు ఒడిశాలోని రాయగడ. బజార్లో బేరం తెలుగులో నడుస్తుంది, ఆఫీసులో కాగితం ఒడియాలో నడుస్తుంది. మొదటి తొమ్మిది నెలల్లో షాపులో ఏం చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో, పని ఏ దారిన వచ్చిందో ఇక్కడ రాస్తున్నాం. రూపాయల లెక్కలన్నీ ఈ ఒక్క షాపువే. వేరే ఊళ్లో అద్దె, కూలి, ఇనుము ధర మారతాయి.

చాలామంది ముందు లేతు కొని, షెడ్డు వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత పని కోసం ఎదురుచూస్తారు. వీళ్లు మెషీను బేరం ఆడకముందే మూడు వారాలు పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగారు. రైస్ మిల్లుల వెనక పెరళ్లలో, జేసీబీలు నిలిపే ఖాళీ జాగాల్లో, బోరు బండ్ల దగ్గర పడి ఉన్న విరిగిన ముక్కల్ని వెర్నియర్‌తో కొలిచి నోటుబుక్కులో ఎక్కించారు. వ్యాసం ఎంత, పొడవెంత, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది, కొత్తది ఎక్కడ చేయించారు, ఎన్నాళ్లు పట్టింది అని ఆరు గడులు గీసుకున్నారు. అరవైకి పైగా ముక్కలు తేలాయి.

ఆ బుక్కు చూస్తే సంగతి అర్థమైపోతుంది. షాఫ్టుల్లో ఎక్కువ భాగం 30 నుంచి 60 మి.మీ. లావు, మూడడుగుల లోపు పొడవు. బేరింగు కూర్చునే చోట అరిగినవి ఎక్కువ, రెండు ముక్కలుగా విరిగినవి తక్కువ. విరిగినవాటిలో సగానికి పైగా కీవే (పుల్లీ జారకుండా కీ ముక్క పెట్టే గాడి) చివర్లోనే తెగాయి. తర్వాత వచ్చేవి జేసీబీ పిన్నులు, ఆ పిన్నులు తిరిగే గొట్టపు ముక్కలైన బుష్షులు, వి-బెల్టు పుల్లీలు, ట్రాలీ యాక్సిల్ కొసలు. ఇవన్నీ అప్పటిదాకా విజయనగరానికో విశాఖ ఆటోనగర్‌కో రైలెక్కి వెళ్లేవి. రానూపోనూ కనీసం రెండు రోజులు. సీజన్లో మిల్లుకు ఆ రెండు రోజులే పెద్ద నష్టం. టర్నరు కూలి దాని ముందు లెక్కలోకి రాదు.

మెషీను సైజును ఈ బుక్కే తేల్చింది. ఆరడుగుల బెడ్డు లేతులో రెండు సెంటర్ల (కడ్డీని రెండు కొసలా పట్టే మొనల) మధ్య సుమారు ఒక మీటరు దొరుకుతుంది. కొలిచిన షాఫ్టులకు అది చాలు. పేపర్ మిల్లు రోలర్ల లాంటి పొడుగు పని మీద ఆశ అక్కడే వదిలేశారు. ఎనిమిదడుగుల లేతు కొందామని వెల్డరు పట్టుబట్టాడు గానీ బుక్కు ఒప్పుకోలేదు.

కొలిచింది కాబట్టే ఇంకో సంగతి బయటపడింది: స్పిండిల్ బోరు, అంటే లేతులో తిరిగే ఇరుసు మధ్యలో కడ్డీ దూరే కన్నం. మొదట బేరం కుదిరిన లేతుకు బోరు 38 మి.మీ. జేసీబీ పిన్నుల్లో 45 మి.మీ.వి చాలా ఉన్నాయి. 45 కడ్డీ ఆ బోరులో దూరదు. ప్రతి పిన్నుకూ ముక్క కోసి, చక్కులో (స్పిండిల్ ముందు కడ్డీని బిగించే పట్టులో) పట్టి, తిప్పి, మళ్లీ పట్టాలి. ముక్కకు పట్టు కోసం ముప్పై నలభై మి.మీ. ఇనుము చెత్తకు పోతుంది, టైమూ పోతుంది. 52 మి.మీ. బోరున్న లేతు ముప్పై వేలు ఎక్కువైనా దాన్నే తీసుకున్నారు. మా లెక్కలో ఈ షాపు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదే మొదటిది. బెడ్డులో గ్యాప్ ముక్క ఊడదీసే వీలు కూడా ఉంది. పెద్ద పుల్లీలకు అది అక్కరకొచ్చింది.

పాత లేతు పరీక్ష

రంగు కొత్తగా వేసిన పాత లేతును ముందే అనుమానించాలి. అమ్మేవాడి దగ్గర కరెంటు ఉన్నప్పుడే, లోడు మీద తిప్పి చూడాలి. వీళ్లు డయల్ గేజీ, మ్యాగ్నెటిక్ బేసు, మైక్రోమీటరు, రెండడుగుల కర్ర, 50 మి.మీ. మైల్డ్ స్టీలు ముక్క పట్టుకెళ్లారు.

మొదట బెడ్డు. దాని మీద టూలును మోసుకుంటూ జరిగే క్యారేజీని చక్కు దగ్గరికి తెచ్చి లాకు బోల్టును కొంచెం బిగించాలి. చేత్తో తిప్పితే కాస్త బరువుగా జరిగేలా ఉండాలి, అంతే. అలాగే టెయిల్‌స్టాక్ (కడ్డీ రెండో కొసకు ఆసరా ఇచ్చే భాగం) వైపు జరుపుతూ పోవాలి. దారిలో పట్టేసిందంటే చక్కు దగ్గర బెడ్డు అరిగిందని అర్థం. పని ఎక్కువ జరిగేది అక్కడే కాబట్టి అరిగేదీ అక్కడే. ఈ లేతు చివర్లో కొంచెం బిగుసుకుంది గానీ ఆగిపోలేదు.

తర్వాత స్పిండిల్. డయల్ గేజీ ముల్లును స్పిండిల్ ముక్కు మీద ఆనించి తిప్పితే తేడా 0.02 మి.మీ. లోపు ఉండాలి. అది చూశాక కర్రను చక్కు కింద పెట్టి పైకి లేపాలి. తిప్పినప్పుడు రాని తేడా లేపినప్పుడు వస్తే బేరింగులో ప్లే (వదులు) ఉన్నట్టు. సర్దుబాటుతో పోతుందా, బేరింగు మార్చాలా అన్నది ధరలో తేలుతుంది.

చివరగా కోత. 50 మి.మీ. ముక్కను చక్కులో పట్టి 150 మి.మీ. బయటికి వదిలి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, రెండు కొసల్లో వెడల్పాటి కాలర్లు (తగ్గించని పట్టీలు) వదిలి మధ్యలో తగ్గించాలి. ఆఖరి సన్నకోత రెండు కాలర్ల మీదా ఒకే సెట్టింగులో లాగి కొలవాలి. తేడా 0.02 దాటితే ముందు లెవెల్ చూడాలి. లెవెలు సరిగ్గా ఉన్నా పోకపోతే హెడ్‌స్టాకు (స్పిండిల్ ఉన్న పెట్టె) పక్కకు తిరిగింది, లేదా బెడ్డు అరిగింది.

ఇన్ని చూసినా టెయిల్‌స్టాక్ ఎత్తు చూడటం మరిచారు. అది 0.06 మి.మీ. కిందికి దిగి ఉంది. షాఫ్టు తిప్పే పనిలో ఇది కనిపించదు. 40 మి.మీ. షాఫ్టు మీద అంత దిగుడుకు వ్యాసంలో వచ్చే తేడా మైక్రోమీటరుకు కూడా అందదు. కానీ టెయిల్‌స్టాక్‌లో డ్రిల్లు పెట్టి బుష్షు బోరు వేస్తే మూతి దగ్గర కన్నం పెద్దదవుతుంది, కన్నాన్ని సైజుకు తెచ్చే రీమరు వంకరగా తింటుంది. పక్కకు జరిగిన టెయిల్‌స్టాక్ సంగతి వేరు: 0.05 పక్కకు ఉంటే షాఫ్టు చివర వ్యాసంలో 0.10 తేడా కొడుతుంది. మొదటి రెండు బుష్షులు పాడయ్యాక టెయిల్‌స్టాక్ బాడీకీ దాని బేసుకీ మధ్య సన్న రేకు షిమ్ము పెట్టి సరిచేశారు. ఖర్చు ఏమీ కాలేదు గానీ ఒక ఆదివారం పోయింది.

నేల, కరెంటు, పెట్టుబడి

లేతు కింద ఆరు అంగుళాల కాంక్రీటు. ఫౌండేషన్ బోల్టులు బిగించేటప్పుడు బెడ్డు మెలి తిరగకుండా చూడాలి. మెలి తిరిగిన బెడ్డు మీద ఎంత మంచి టర్నరైనా టేపరే (ఒక కొస లావు, ఒక కొస సన్నం) కోస్తాడు. అందుకే బోల్టులు బిగించాక మళ్లీ కాలర్ల పరీక్ష చేశారు. హెడ్‌స్టాక్ వెనక గోడకు దూరం వదలడం చాలామంది మరిచిపోతారు. స్పిండిల్ బోరులోంచి పది అడుగుల కడ్డీ బయటికి రావాలంటే అక్కడ పది అడుగుల ఖాళీ ఉండాలి. వీళ్లు గోడకు చిన్న కిటికీ కొట్టించి దారి చేసుకున్నారు. కిటికీ బయట రెండు స్టాండ్లు వేసి పైపు గొట్టం బిగించారు. లేకపోతే తిరిగే కడ్డీ కొరడాలా కొడుతుంది.

కరెంటు దక్షిణ ఒడిశాలో 2021 నుంచి టీపీఎస్‌ఓడీఎల్ అనే పంపిణీ కంపెనీ చేతిలో ఉంది. లేతు మోటారు 3 హెచ్‌పీ, షేపరు 2, డ్రిల్లు 1, గ్రైండరు అర హెచ్‌పీ. అన్నీ కలిపి 5 కిలోవాట్ల లోపే. వెల్డింగ్ మెషీను కూడా కలుపుకొని 10 కిలోవాట్ల త్రీ ఫేజు అడిగారు. 3 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల మీద నిండు లోడుకు సుమారు 4.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను మోటారు పలక మీద రాసిన అంకెకే పెట్టాలి. మాటిమాటికీ ట్రిప్పవుతోందని రిలేను పైకి తిప్పేసే అలవాటు మోటార్లను కాలుస్తుంది. వానాకాలం గాలివానకు ఒక ఫేజు పోవడం ఇక్కడ మామూలే కాబట్టి అలా పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు మొదటి రోజే పెట్టారు. మొదటి మూడు నెలల్లో అది నాలుగుసార్లు పనిచేసింది. ఒక మోటారు రీవైండింగ్ ఖర్చు ఆ ప్రివెంటరు ధరకు రెట్టింపు.

పెట్టుబడి ఇలా అయింది: లేతు 1,85,000, దాని రవాణా, క్రేను 22,000. షేపరు 65,000, డ్రిల్లు 28,000, వెల్డింగు 18,000, గ్రైండరు 6,000. కొలత సామాన్లు 31,000. నేల, వైరింగు 38,000, కరెంటు కనెక్షన్, డిపాజిట్ 24,000. మొదటి ఇనుము 35,000, టూల్ బిట్లు, డ్రిల్లులు, హోల్డర్లు 17,000. మొత్తం 4,69,000. అందులో రెండు లక్షలు చేతివి, మిగతాది మూడేళ్ల బ్యాంకు అప్పు. నెలకు వాయిదా సుమారు 8,900.

చిన్న యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆ పథకంలో మొదటి సబ్సిడీ కొత్త యూనిట్లకే. షాపు తెరిచాక అడిగితే కుదరదు. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వర్గానికి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. పట్టణంలో 15, 25. పైసా ఖర్చు పెట్టకముందే ఆ దరఖాస్తు పెట్టుకోవాలి. చిన్న సంస్థల నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు మాత్రం డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ నంబరు, పాన్ నంబరు చేతిలో ఉంటే ఆన్‌లైన్లో చేసుకోవచ్చు. అదెందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాం.

కొలత సామాన్లకు 31,000 ఎక్కువనిపించవచ్చు. 0–25, 25–50, 50–75 మైక్రోమీటర్లు, 35–60 బోరు గేజీ, డయల్ గేజీ, వెర్నియరు కొన్నారు. బేరింగు కూర్చునే చోటును మైక్రోమీటరుతో కాకుండా ముతక కొలత చూపే వెర్నియర్‌తో కొలిచే షాపుకు మిల్లువాడు రెండోసారి రాడు.

బేరింగు కొట్టు దారి

కరపత్రాలు పంచారు, బోర్డు మూడు లిపుల్లో రాయించారు. ఆ రెంటి వల్ల వచ్చిన పని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని తెచ్చింది బజార్లో బేరింగులు, బెల్టులు అమ్మే కొట్టు.

ఎందుకంటే, ఒకే మిల్లు ఒకే సీజన్లో 6308 నంబరు బేరింగును మూడుసార్లు కొన్నదంటే లోపం బేరింగులో ఉండదు. షాఫ్టు మీద కూర్చునే చోటు అరిగిపోయి లోపలి రింగు జారుతోందన్నమాట. ఆ సంగతి తెలిసేది కొట్టువాడికే. అతనికి కూడా తంటానే: మిల్లువాడు వచ్చి నీ బేరింగు డూప్లికేటని తిట్టిపోతాడు. వీళ్లు ఆ కొట్టువాడికి కమిషను ఇస్తామనలేదు. ఎవరైనా అదే నంబరు మళ్లీ అడిగితే షాఫ్టు కొలిచి చెబుతాం, కొలత ఉచితం అన్నారు. కొట్టువాడికి తిట్లు తప్పుతాయి, వీళ్లకు పని దొరుకుతుంది. మొదటి పదకొండు కస్టమర్లలో ఏడుగురు ఈ దారినే వచ్చారు.

రెండో దారి జేసీబీ, ట్రాక్టరు మెకానిక్కులు. వాళ్లు బండి విప్పుతారు గానీ బుష్షు చేయలేరు. వాళ్లకు షాపు రేటు ఒకటే చెప్పి, బండి యజమానికి వాళ్లే బిల్లు వేసుకునే వీలిచ్చారు. దీని మీద భాగస్వాములకు చిన్న తగవు వచ్చింది. యజమానితో నేరుగా మాట్లాడితే ఎక్కువ మిగులుతుందని వెల్డరు వాదన. మెకానిక్కు చేయి దాటి యజమానిని పట్టుకున్నారంటే ఆ మెకానిక్కు మళ్లీ గడప తొక్కడని టర్నరు వాదన. టర్నరు మాటే నిలిచింది, అదే సరైనది.

సమయం కూడా చూసుకున్నారు. ఒడిశాలో ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు నవంబరులో మొదలవుతాయి. మిల్లుల ఓవర్‌హాల్ సెప్టెంబరు, అక్టోబరుల్లో. షాపు తెరిచింది సెప్టెంబరు మొదట్లో. జనవరిలో తెరిచి ఉంటే సీజను నడుస్తున్న మిల్లు కొత్త షాపును నమ్మి షాఫ్టు విప్పి ఇచ్చేది కాదు.

మొదటి షాఫ్టు, మొదటి తప్పు

గుణుపురం వైపు మిల్లు నుంచి వచ్చిన బ్లోయరు షాఫ్టు అది. 50 మి.మీ. కడ్డీ, మూడడుగుల లోపు పొడవు. బేరింగు చోటు 40 ఉండాలి, మైక్రోమీటరు 39.82 చూపింది. లోపలి రింగు తిరిగి తిరిగి నీలం రంగు గీతలు పడ్డాయి. మిల్లు మేనేజరు అడిగింది ఒక్కటే: "రేపు పొద్దుటికల్లా అయిపోతాదా మేస్త్రీ?"

అయిపోయింది. పన్నెండో రోజుకు తిరిగొచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. వెల్డింగుతో చోటు నింపి లేతు మీద సైజు లాగారు. తొందరలో షాఫ్టు పూర్తిగా చల్లారలేదు. చేయి పెడితే చురుక్కుమనే వేడి, గది వేడికంటే దాదాపు 40 డిగ్రీలు ఎక్కువ. ఆ వేడిలో మైక్రోమీటరు 40.012 చూపింది. కాగితం మీద అది సరైన కొలతే. 40 మి.మీ. షాఫ్టుకు బేరింగు గట్టిగా కూర్చోవాలంటే కె6 ఫిట్టు అనే ప్రామాణిక హద్దు ప్రకారం 40.002కూ 40.018కీ మధ్య ఉండాలి. కానీ ఉక్కు ఒక డిగ్రీకి ఒక మీటరులో 0.0115 మి.మీ. సాగుతుంది. 40 మి.మీ.కు, 40 డిగ్రీలకు లెక్క కడితే 0.018. రాత్రి చల్లారాక షాఫ్టు 39.994కు దిగిపోయింది. బేరింగు చేత్తో ఎక్కింది, తీరిగ్గా జారింది. మేనేజరు మళ్లీ తీసుకొచ్చినప్పుడు డబ్బు తీసుకోకుండా మళ్లీ చేశారు. కారణం దాచకుండా కాగితం మీద అంకెలు వేసి చూపించారు. ఆ మిల్లు ఇప్పటికీ వస్తోంది.

ఆ తర్వాత స్థిరపడిన పద్ధతి ఇది. అరిగిన చోటును ముందు 37కు దించాలి. పైపైన ఒక పొర వేసి లాగితే ఆఖరి సైజు సరిగ్గా వెల్డు, పాత ఇనుము కలిసిన గీత మీద పడుతుంది. అక్కడ గట్టి చుక్కలుంటాయి, కార్బైడ్ టూలు మూతి ఎగిరిపోతుంది. మూలల్లో రెండు మి.మీ. గుండ్రం వదలాలి. ఈఎన్-8 రకం ఉక్కు షాఫ్టును గ్యాసు మంటతో 150 నుంచి 200 డిగ్రీలకు వేడిచేసి, 7018 నంబరు వెల్డింగ్ రాడ్డుతో నింపాలి. ఆ రాడ్డు చెమ్మ పీల్చుకుంటే వెల్డులో బుడగలు, పగుళ్లు వస్తాయి. రాయగడ వానల్లో విప్పిన ప్యాకెట్టు రెండో రోజుకే పనికిరాదు. అందుకని చిన్న ఓవెను కొన్నారు. వెల్డు గీతలు షాఫ్టు పొడవునా వేయాలి, చుట్టూ కాదు. ఒక గీత పైన వేస్తే తర్వాతిది సరిగ్గా ఎదుటి వైపు. ఒకే వైపు వేస్తూ పోతే షాఫ్టు విల్లులా వంగుతుంది. వ్యాసం 43.5 దాకా నింపాక ఊక బూడిదలో పూడ్చేయాలి. మిల్లుల దగ్గర అది ఉచితం. వేడిని పట్టి ఉంచడంలో దాన్ని మించింది ఈ చుట్టుపక్కల దొరకదు. రాత్రంతా అందులోనే.

పొద్దున్నే సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజీతో వంపు చూడాలి. పాత సెంటరు కన్నాలు దెబ్బతిని ఉంటాయి. వాటిని మళ్లీ కోయకుండా సైజు లాగితే బేరింగు చోటు ఒక చుట్టు, మిగతా షాఫ్టు ఇంకో చుట్టు తిరుగుతుంది. 40.5 దాకా ముతక కోత, కాసేపు ఆగి, ఆఖరి కోత. వేగం లెక్క సులువు: 318ని నిమిషానికి మీటర్లలో కోత వేగంతో గుణించి వ్యాసంతో భాగించాలి. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూలుతో 20 మీటర్ల వేగానికి 40 మి.మీ. మీద సుమారు 160 చుట్లు. కార్బైడుతో 80 మీటర్లకు 640 దాకా. వెల్డు మీద తొలికోతకు దానిలో సగం చాలు.

బాగుచేయాలా, కొత్తది చేయాలా? ఈ షాపు నియమం: ఒక చోటు అరిగితే బాగు, రెండు చోట్లు అరిగితే కొత్తది. 50 మి.మీ. కడ్డీ బరువు మీటరుకు, వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే, 15.4 కిలోలు. 900 మి.మీ.కు దాదాపు 14. కిలో 80 చొప్పున ఇనుము 1,110, నాలుగున్నర గంటల పని. బాగుచేయడానికి మూడు గంటలు, రాడ్లకు 150. గంట 500 చొప్పున కొత్తది 3,360, బాగుచేత 1,650. రెండు చోట్లు నింపితే ఆ తేడా దాదాపు పోతుంది, వంపు ప్రమాదం మాత్రం ఉంటుంది.

కీవే గురించి ఒక మాట. ఇక్కడ కీవేలు గ్రైండరు చక్రంతో కోసేవాళ్లు ఉన్నారు. మూలలు పదునుగా, అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. సర్వేలో కీవే చివర తెగిన షాఫ్టులన్నీ దానికి సాక్ష్యం. షేపరు కొన్నది ఇందుకే. 35 మి.మీ. షాఫ్టుకు కీ 10 వెడల్పు, 8 ఎత్తు. షాఫ్టులో లోతు 5. ముందుగా చివర్లో డ్రిల్లుతో కన్నం వేసుకుంటే షేపరు టూలు అక్కడ ఆగుతుంది, మూల గుండ్రంగా వస్తుంది.

పిన్నులు: అరలో ఉన్న సరుకు

మొదటి జేసీబీ పిన్నులు మైల్డ్ స్టీలుతో చేశారు. మెకానిక్కు అదే అడిగాడు, చవక అని. నెల తిరక్కముందే గాడి పడిపోయాయి. ఆ తర్వాత ఈఎన్-19 అనే గట్టి రకం ఉక్కు కడ్డీ తెచ్చి, ఇరవై పిన్నులు ఒక్కసారి తిప్పి, గ్రీజు కన్నం, గాడి వేసి విశాఖకు హార్డెనింగుకు పంపుతున్నారు. ఇరవైకి తక్కువైతే రవాణా గిట్టదు. తిరిగొచ్చాక 0.1 నుంచి 0.2 మి.మీ. ప్లేతో బుష్షులోకి దిగేలా చూసి అరలో పెడతారు. బుష్షును మాత్రం కన్నంలోకి గట్టిగా ప్రెస్సు చేయాలి. చేత్తో దూరే బుష్షు రెండు వారాలకే తిరగడం మొదలుపెడుతుంది.

బకెట్టు చెవి కన్నమే గుడ్డులా సాగిపోతే కొత్త పిన్ను పనికిరాదు. ఆ మాట ముందే చెప్పకపోతే నింద పిన్ను మీద పడుతుంది. రెండు చెవుల కన్నాలను ఒకే వరుసలో తొలిచే లైన్ బోరింగ్ బారు లేక, కొత్త రింగులను డమ్మీ షాఫ్టు మీద ఎక్కించి వరుస కుదిర్చి చెవులకు వెల్డు చేస్తున్నారు. పని గడుస్తుంది గానీ వెల్డు లాగినప్పుడు రింగు 0.3 దాకా ముడుచుకుంటుంది. అందుకే రింగు బోరును ముందే కొంచెం పెద్దగా వదులుతున్నారు.

అర ముందు నిలబడి పిన్ను కొనేవాడు నగదు ఇస్తాడు. షాఫ్టు పనికి అప్పు చెప్పేవాడే పిన్నుకు జేబు తీస్తాడు. ఎందుకో తెలియదు గానీ తొమ్మిది నెలలూ అలాగే జరిగింది.

రేటు, బాకీ, హద్దు అవతలి పని

నెల ఖర్చు: అద్దె 7,000, కరెంటు 4,500, వాయిదా 8,900, హెల్పరుకు 12,000, టూళ్లు, నూనె, రాడ్లు 5,000, ఇద్దరికీ చెరో 15,000, ఫోను, బండి 2,600. మొత్తం 70,000. నెలలో 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలంటే 208 గంటలు. కానీ బిల్లయ్యే గంటలు అంత ఉండవు. టూలు పట్టడం, ఇనుము తేవడం, కస్టమరుతో మాట్లాడటం దేనికీ బిల్లు లేదు. 120 గంటలు బిల్లయితే గంటకు 583 పడుతుంది. వీళ్లు తీసుకున్నది 500. మొదటి నెల 34 గంటలే బిల్లయ్యాయి, నవంబరులో 96. ఆ రెండు నెలల మధ్య లోటును పక్కన దాచిన 60,000తో పూడ్చారు. ఆ డబ్బు లేకుండా తెరిచి ఉంటే అక్టోబరులోనే మూతపడేది. రాత్రి పనికి గంటకు 800 పెట్టాక లెక్క కుదిరింది. మిల్లు ఆగినప్పుడు ఎవరూ ఆ రేటు మీద బేరమాడలేదు.

పెద్ద ఫ్యాక్టరీలకు సరఫరా చేసే ఓ కాంట్రాక్టరు ఇరవై బుష్షులు చేయించుకుని డబ్బు ఇవ్వకుండా 110 రోజులు తిప్పాడు. ఉద్యమ్ నంబరు అక్కడ పనికొచ్చింది. చిన్న సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఆ వాక్యాన్ని ఇప్పుడు బిల్లు కింద అచ్చు వేయించారు. కొత్తవాళ్ల దగ్గర ఇనుము డబ్బు ముందే తీసుకుంటున్నారు.

పార్వతీపురం వైపు మిల్లుల నుంచి పని రావడం మొదలయ్యాక ఒక చిక్కు వచ్చింది. రాష్ట్రం దాటి జాబ్ వర్కుకు (బయట పని చేయించుకోవడానికి) సరుకు పంపితే, విలువ యాభై వేల లోపున్నా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే కాగితం) ఉండాలి. ఆ షరతు తెలియక ఒక షాఫ్టు ఆటో సగం దారిలో వెనక్కి వెళ్లింది. ఇప్పుడు ఆ మిల్లుకు డెలివరీ చలానా నమూనా వీళ్లే రాసి ఇచ్చారు.

ప్రతి షాఫ్టుకూ ఒక కార్డు ఉంది. మిల్లు పేరు ఉండదు, నంబరు ఉంటుంది. వ్యాసాలు, పొడవులు, కీవే, బేరింగు నంబరు, ఇనుము రకం, చేసిన తేదీ చేత్తో గీసిన బొమ్మతో సహా ఉంటాయి. రెండోసారి మిల్లు షాఫ్టు విప్పకుండానే ఫోనులో "పదిహేడో నంబరు ఒకటి తిప్పండి" అంటే చాలు. విప్పేలోపు కొత్తది సిద్ధంగా ఉంటుంది. తొమ్మిది నెలలకు కార్డులు 83 అయ్యాయి. లైన్ బోరింగు బారు కొనాలా, మిల్లింగు మెషీను కొనాలా అన్న తగవుకు మళ్లీ నోటుబుక్కే తెరిచారు. చేయలేక తిప్పి పంపిన పనులను విడిగా రాసుకున్న పేజీలో బకెట్టు కన్నాలు పద్నాలుగు, గేర్లు మూడు.